హజరత్తయ్య కుడికాలు

“తీసేయండయ్యా ఆ కాలు! మనిషి మిగిలితే నాకంతే చాలు,” అంది ఆదిశేషమ్మ.

“నోరు మూసుకోమే! కాలు లేనోణ్ణి మళ్ళోకి దిగేదెట్లా? గట్టు మీద కూర్చోని కాకుల్ని తోలేదా?” మంచం మీంచే అరిచాడు హజరత్తయ్య.

కొడవలూరు నుంచి మొగుణ్ణి బండిలో వేసుకుని నెల్లూరు ఆసుపత్రికి తెచ్చిందామె. కుడి పాదం చచ్చిన చేపలా చల్లగా ఉంది. రెండు వేళ్ళు అప్పటికే నల్లబడ్డాయి. చుట్టలు మానవయ్యా అని నెత్తీ నోరూ కొట్టుకుంటే విన్నాడా మహానుభావుడు?

మద్రాసు నుంచి వచ్చిన డాక్టరు ఇద్దర్నీ సముదాయించాడు. “తొందరపడొద్దమ్మా. తొడలో రక్తనాళం పూడిపోయింది. కాలవ పూడితే పక్కన పిల్లకాలవ తీసి మడికి నీళ్ళు పెట్టరా? ఎడమకాల్లోంచి ఒక నరం తీసి, రక్తానికి అట్లా కొత్త దారి వేస్తాను. దేవుడి దయవల్ల పారితే కాలు నిలుస్తుంది. ఊరకే వదిలేస్తే మాత్రం ఆ కుళ్ళు విషం ఒంట్లోకి ఎక్కి మనిషే దక్కడు.”

ఇంత చెప్పినా ఆదిశేషమ్మ చెవిన పడింది విషమన్న ఒక్క మాటే. మిగతాదంతా గాలికి పోయింది.

మధ్యాహ్నానికి ఆపరేషన్ ముగించి, మత్తులో ఉన్న హజరత్తయ్యను వార్డులోకి తెచ్చారు.

“కదిలించబాకక్కా. సాయంత్రం డాక్టరుగారొచ్చి చూస్తారు,” అని చెప్పి నర్సు ఎస్తేరమ్మ పక్క వార్డుకు వెళ్ళింది.

ఆదిశేషమ్మ దుప్పటి తొలగించి పాదం పట్టుకుంది. పాదం కాలిపోతోంది! ఎర్రగా పొంగింది. చీలమండ దగ్గర నరం టకటకా కొట్టుకుంటోంది.

“ఓరి దేవుడా! విషం ఎక్కతా ఉండాది!”

ఎవరినో పిలుస్తూ కూర్చునే మనిషి కాదామె. పొలంలో కూలీలకు పాము కరిస్తే ముందు కట్టు కట్టి, ఆ తర్వాతే కేకలేసే రకం. చీర చెంగు చర్రున చించింది. మోకాలి పైన చుట్టి, పళ్ళు బిగబట్టి లాగి ముడేసింది. నర్సు చూస్తే విప్పేస్తుందని దుప్పటి కప్పేసి పక్కనే కాపలా కూర్చుంది. కాసేపటికి ఎరుపు తగ్గింది. పాదం చల్లబడింది. అమ్మయ్య అనుకుని కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రం డాక్టరు వచ్చి దుప్పటి ఎత్తాడు. ఆ ముడి చూసి గబగబా కత్తెరతో తెంపాడు. చీలమండ మీద వేళ్ళు ఆనించి నాడి కోసం వెతికాడు. అందలేదు.

“విషం పైకెక్కకుండా నేనే కట్టినానయ్యా,” అంది ఆదిశేషమ్మ గర్వంగా. “మద్దేనం నిప్పులాగా కాలిపోయింది. ఇప్పుడు చూడండి, ఎట్లా చల్లబడిందో! మనిషి దక్కినాడు గదయ్యా?”

“మనిషి దక్కాడు. కాలే పోయిందమ్మా,” అన్నాడు డాక్టరు. “ఆ వేడి రావాలనే మేం ఇంత కోత కోసింది.”