కంప్యూటర్ బాబాయి పందెం

“ఇది చెల్లదు. మళ్ళీ పెడదాం,” అన్నాడు నాన్న, తెర మీంచి చూపు తిప్పకుండానే.

చెల్లకపోవడానికి ఏముందో కూతురికి అర్థం కాలేదు. షాపు బల్ల మీద రెండు కంప్యూటర్లు పక్కపక్కనే ఉన్నాయి. ప్రాసెసర్ చిప్, అది కూర్చునే బోర్డు తప్ప రెండింట్లోనూ మిగతావన్నీ ఒకటే. ఎడమదాంట్లో ఉన్నది నాన్న షాపు తెరిచిన రోజు నుంచీ నమ్ముకున్న కంపెనీ చిప్. కుడిదాంట్లో ఉన్నది ఆమె ఉద్యోగం చేసే కంపెనీది. ఆమె, ఆమెతో పనిచేసేవాళ్ళు తిండీ నిద్రా మానుకుని తయారుచేసింది. ఒకే పెద్ద వీడియోని చిన్న సైజుకి మార్చమని రెండింటికీ ఒకేసారి పని అప్పగించారు. ఎడమది ఇంకా ఆపసోపాలు పడుతుండగానే కుడిది పని ముగించి తీరిగ్గా కూర్చుంది.

వీధి వీధంతా కంప్యూటర్ బాబాయి అని పిలుచుకునే ఆ మనిషి నోట ‘బాగుంది’ అన్న ఒక్క మాట వినాలని ఆమె సెలవు పెట్టుకుని మరీ వచ్చింది. తన చిప్‌ని లోకమంతా పొగిడినా ఆమెకు ఆనలేదు. నాన్న ఔనంటే చాలు. ఆయనేమో ఎడమదాని ఫ్యాన్‌లో దుమ్ము చేరిందన్నాడు. దుమ్ము దులిపాక, న్యాయం చెప్పడానికి మూడో మనిషి ఉండాలని పక్క కొట్టు టైలర్ని పిలుచుకొచ్చాడు.

టైలర్ మెళ్ళో టేపుతోనే వచ్చి రెండు తెరలనీ మార్చి మార్చి చూశాడు. మళ్ళీ కుడిదే గెలిచింది. బాబాయి కూతురు చేసిందంటే ఆ మాత్రం ఉండదా అని అతను మెచ్చుకోబోతే, నాన్న ఆగమన్నట్టు చెయ్యి అడ్డం పెట్టి, మెమరీలు అటువి ఇటు మార్చి చూడాలన్నాడు.

అవీ మార్చారు. ఈసారి కళ్ళజోళ్ళ షాపాయన వచ్చాడు. ఆ తర్వాత, ఎండ ఎడమదాని మీదే పడుతోందని కిటికీకి పరదా వేసి, ఫొటో స్టూడియో నడిపే మొగుడూ పెళ్ళాల్ని పిలుచుకొచ్చాడు. ఆ తర్వాత ప్లగ్గులు మార్చాడు. ఎన్ని మార్చినా గెలిచేది మాత్రం మారలేదు. నాన్న ప్రతిసారీ నాలుక చప్పరించడం, తల అడ్డంగా ఊపడం, ఇంకో వంక వెతుక్కుని వీధిలోకి పోవడం.

మొదట్లో గర్వంతో ఆమెకు కాళ్ళు నేల మీద ఆనలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా వచ్చి చేతులు పట్టుకుని అభినందిస్తున్నారు మరి. మధ్యాహ్నమయ్యేసరికి అదంతా ఉక్రోషంగా మారింది. ఊరందరూ ఔనన్నది సొంత నాన్న కాదంటుంటే ఎంత గెలిచి ఏం లాభం?

భోజనానికి పిలిచి పిలిచి విసిగిపోయిన అమ్మ మేడ మెట్లు దిగి వచ్చింది.

“మీ నాన్నది ఉడుంపట్టు. నువ్వే కాస్త తగ్గు తల్లీ,” అంది కూతురితో.

కూతురు షాపుని కలయజూసింది. అలమర నిండా ఆ పాత కంపెనీ ఖాళీ పెట్టెలే, దుమ్ము లేకుండా తుడిచి వరసగా పేర్చి ఉన్నాయి. ఆ చిప్‌కి నాది పూచీ అని చెప్పి నాన్న ఎన్ని ఇళ్ళలో పెట్టించాడో. ఈ వయసులో ఆ మాట తప్పు అని ఆయన చేత ఒప్పించి తను బావుకునేదేముంది? ఆమె మనసు ఒక్కసారిగా కరిగిపోయింది.

నాన్న మళ్ళీ వీధిలోకి వెళ్ళగానే ఆమె కుడి కంప్యూటర్ ముందు కూర్చుంది. చిప్‌లో పని పంచుకునే కోర్లు చాలా ఉంటాయి. సెట్టింగుల్లోకి వెళ్ళి వాటిలో సగానికి పైగా నిద్రపుచ్చింది. తను కని పెంచినదాన్ని తనే కట్టిపడేసినట్టయింది.

ఈసారి నాన్న తెచ్చింది ఎదురు వరసలో కంప్యూటర్లు అమ్మే అతన్ని. ఇద్దరికీ ఎప్పటి నుంచో మాటల్లేవు, ఎదురుపడితే తల తిప్పుకుని పోతారు. అలాంటి మనిషికి నాన్న కుర్చీ తుడిచి మరీ వేశాడు. సాక్ష్యానికి ఆఖరికి ఇతన్ని కూడా తెచ్చాడంటే నాన్న ఎంత కసి మీదున్నాడో, తను చేసిందే మంచిదయింది అనుకుందామె.

పందెం మొదలయింది. కుడిది నత్తనడక నడిచింది. ఎడమది దర్జాగా ముగించేసింది.

“నీదే గెలిచింది నాన్నా. నేను ఒప్పుకుంటున్నాను,” అంటూ ఆమె ఒక్కర్తే చప్పట్లు కొట్టింది.

నాన్న మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. ఎదురు షాపతను లేచి, ఇది చూడ్డానికా నన్ను పిలిచావని మీసాల్లోనే నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. అతను రోడ్డు దాటేదాకా చూసి, నాన్న కూతురి వైపు తిరిగాడు.

“పొద్దుట్నుంచి వీధంతా చూసింది, ఇక చూడనివాడు వీడొక్కడే. నా కూతురు ఎలా గెలుస్తుందో వీడికీ చూపిద్దామని, గడ్డం పట్టుకుని మరీ బతిమాలి తీసుకొచ్చాను కదమ్మా.”