మూడో పడవ

పడవ వచ్చి మెట్లకు ఆనుకుని ఆగింది. దుర్గాప్రసాద్ ఎక్కనన్నాడు.

డాబా మీద పిట్టగోడకు ఇవతలే నిలబడి, మాస్కు ముక్కు మీదికి లాక్కుని, రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. ఇంట్లో సామాన్లున్నాయి, నేను రాను, మీరు వెళ్లండి అన్నాడు. కృష్ణలంకలో ఆ వీధి వీధంతా నడుంలోతు నీళ్లలో ఉంది. అతని ఇంటి మెట్లు అప్పటికే అయిదు మునిగాయి. ఎగువనుంచి ఇంకా నీళ్లు వస్తున్నాయని, పాత ఇళ్లు నిలుస్తాయో లేదో చెప్పలేమని పడవ నడిపే మనిషి బతిమాలాడు.

పడవలో పదిహేనుమంది ఉన్నారు. ముగ్గురు ముసలివాళ్లు, ఒళ్లో పసిపిల్లతో ఒకామె. వాళ్లను చూసే దుర్గాప్రసాద్ ఎక్కనన్నాడు. అతనికి కరోనా వచ్చి ఆరు రోజులైంది. ఆ సంగతి గన్నవరంలో పుట్టింట్లో ఉన్న భార్య సింధూరికి తప్ప ఈ వీధిలో ఒక్కరికీ తెలియదు.

దాచాడు మరి. దాచక ఏం చేస్తాడు? వీధి చివర టిఫిన్ బండి అతనిది. మొన్న వేసవిలో టైలరు ఇంట్లో ఒకరికి వచ్చిందని తెలియగానే ఆ గుమ్మానికి అడ్డంగా కర్రలు కట్టించారు. తగ్గిపోయి మూడు నెలలైనా ఒక్కరంటే ఒక్కరు జాకెట్టు ముక్క తీసుకుని అటు వెళ్లలేదు. కుట్టిన జాకెట్టుకే అంత భయపడేవాళ్లు, ఇక అతని చేతి ఇడ్లీ తింటారా? అందుకే జ్వరం తగిలిన రోజే బండి మూసేసి, నడుం పట్టేసిందని అందరికీ చెప్పాడు. పరీక్ష గన్నవరంలో చేయించుకుని అత్తగారింటి చిరునామా రాయించాడు.

ఆ కర్రలు కట్టించిన మహానుభావుడు ఎదురింటి రామకోటేశ్వరరావు. పప్పు ప్యాకెట్లు కూడా సబ్బుతో కడిగే మనిషి. వీధిలో ఎవరు తుమ్మినా ఆరా తీసేది ఆయనే. పెళ్లాం బిడ్డల్ని తెల్లవారుతూనే బంధువులింటికి పంపేసి, ఇల్లు వదిలితే దొంగలు పడతారని తను మాత్రం డాబా మీదే ఉండిపోయాడు.

"ఏవయ్యా ప్రసాదూ, పడవ ఎక్కడానికి నీకేం రోగం?" అని అటునుంచి కేకేశాడు.

దుర్గాప్రసాద్ మాస్కు ఇంకాస్త పైకి లాక్కున్నాడు. మామూలుగా ఎవరైనా అనే మాటే అది. సామాన్లండీ అని గొణిగి ఊరుకున్నాడు. పడవ వెళ్లిపోయింది.

గంటన్నరకు మరో రెండు మెట్లు మునిగాయి. ప్రహరీగోడ ఒక పక్క నీళ్లలోకి జారిపోయింది. వాన మళ్లీ అందుకుంది. దసరా దగ్గరికొచ్చినా వదలని ఈ వానేమిటో, ఎండాకాలంలో బిందెడు నీళ్లకు కొట్టుకున్న వీధిలో ఈ వరదేమిటో అతనికి అర్థం కాలేదు. కాలాలకు కూడా ఏదో జబ్బు చేసినట్టుంది. దగ్గు తెరలు తెరలుగా వస్తోంది. ఫోన్లో సింధూరి ఏడుస్తోంది.

"చెప్పెయ్యండి. బండి పోతే ఇంకో పని చేసుకుందాం. మీకేమన్నా అయితే నేనూ పాపా ఏమైపోవాలండీ?"

రెండో పడవ వచ్చింది. ఈసారి వాళ్లు బతిమాలడం మానేశారు. ఒకతను గబగబా మెట్లెక్కి వచ్చి, రండి సార్ అంటూ చెయ్యి పట్టుకోబోయాడు. దుర్గాప్రసాద్ వెనక్కి గెంతాడు.

"ముట్టుకోకండి. నాకు కరోనా అండీ. ఆరు రోజులైంది."

అంత వానలోనూ ఆ మాట వీధంతా వినిపించింది. పడవలోవాళ్లు కొంగులూ తువ్వాళ్లూ ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. మెట్లెక్కినతను కిందికి దిగి, ఎవరికో ఫోన్ చేసి, పడవ తిప్పుకుని వెళ్లిపోయాడు. ఎదురు డాబా మీద రామకోటేశ్వరరావు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

ఇక ఎవరూ రారు అనుకున్నాడు దుర్గాప్రసాద్. బండి ఎలాగూ పోయింది, ప్రాణం కూడా పోయేట్టుంది. అయినా చిత్రం, ఆరు రోజులుగా గుండెల మీద ఉన్న బరువేదో దిగిపోయింది. గోడకు చేరగిలి కూర్చుని వానలో తడుస్తూ ఊపిరి పీల్చుకున్నాడు.

అరగంటలో మూడో పడవ వచ్చింది. అందులో జనం లేరు. తల నుంచి కాలి దాకా తెల్ల కిట్లు వేసుకున్న ముగ్గురు, ఒక ఆక్సిజన్ సిలిండరు ఉన్నాయి. ముగ్గురిలో ఒకామె తన పేరు శౌరమ్మ అని, నర్సునని చెప్పింది.

"ఇది మీలాంటివాళ్ల కోసం పెట్టిన పడవే నాయనా. పొద్దున్నే చెబితే పొద్దున్నే వచ్చేవాళ్లం కదా."

ఎక్కించుకుని వేలికి ఆక్సీమీటరు పెట్టింది. తొంభై ఆరు చూపించింది. ఏం భయం లేదంది. శిబిరంలో ఇలాంటివాళ్లకు విడిగా గదులున్నాయట, వేడన్నం పెడతారట. దుర్గాప్రసాద్‌కు ఏడుపు ఆగలేదు. సింధూరికి ఫోన్ చేసి పడవెక్కేశానని చెప్పాడు.

పడవ కదిలింది. రామకోటేశ్వరరావు పిట్టగోడ మీదికి వంగి అతన్నే చూస్తున్నాడు. ఇంతకాలం వీధిని మోసం చేశావని తిడతాడు, తిట్టనీ అనుకుని దుర్గాప్రసాద్ తల వంచుకున్నాడు.

తిట్లు రాలేదు. ఆయన వీధి ఆ చివరికీ ఈ చివరికీ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని పిలిచాడు.

"అమ్మా, ఆ పడవ ఇటు కూడా ఒకసారి తిప్పండి. నాకిది తొమ్మిదో రోజు."