అలసంద గుగ్గిళ్లు

మధ్యాహ్నం పోలీసులు వీధి మలుపు తిరిగారనగా, గిడ్డమ్మ కొడుకు తిమ్మయ్యను నడింట్లోని పాతరలోకి దింపింది. జొన్నలు దాచుకునే లోతైన గుంత అది. వానల్లేక ఆ ఏడు ఖాళీగా ఉంది. పైన బండ జరిపి, ఊపిరాడేందుకు కాస్త సందు వదిలి, చాప పరిచింది.

క్విట్ ఇండియా గొడవల నాటి మాట. మైదుకూరు దారిలో తంతి తీగలు కోశాడని తిమ్మయ్య మీద కేసు. దొరికితే జైలే. జైలుకు చేరేలోపు ఒంట్లో ఎముక మిగలదు.

పొద్దున ఆకలితో నకనకలాడుతూ ఇల్లు చేరాడు. ఇంట్లో అలసంద గుగ్గిళ్లు, పచ్చి ఉల్లిగడ్డ తప్ప ఏమీ లేవు. నమలకుండానే మింగేశాడు. తల్లి మాత్రం ఏం చేస్తుంది?

హెడ్డు కానిస్టేబులు సుంకన్న గడప దగ్గర తల వంచి లోపలికొచ్చాడు. వెనకున్న ఇద్దరు జవాన్ల నెత్తికి మాత్రం పై దూలం ఠపీమని తగిలింది. పాపం, బళ్లారి నుంచి కొత్తగా వచ్చినవాళ్లు.

"యాడుండాడు నీ కొడుకు?"

"తెల్దప్పా." గిడ్డమ్మ అతని మొహం చూడలేకపోయింది.

"మీరు పోయి మిద్దెపైనా, గడ్డివామిలోనా చూసి రాండి. నేనీడ కూచుంటా."

సుంకన్న నేరుగా పోయి ఆ చాపమీదే కూర్చున్నాడు. గిడ్డమ్మ సుంకులమ్మ తల్లికి మనసులోనే మొక్కుకుంది.

జవాన్లు ఉత్త చేతులతో తిరిగొచ్చారు. సరిగ్గా అప్పుడే సుంకన్న కింద మోత. ఖాళీ పాతర కదా, డోలులా మోగింది. కడుపులో గాలికి సర్కారంటే భయమా, భక్తా?

నాదేనని చెబుదామని గిడ్డమ్మ నోరు తెరిచింది. తానున్నది ఈ మూల, మోత వచ్చింది ఆ మూల. ఎవరు నమ్ముతారు?

"ఏమిరా, పండ్లికిలిస్తాండారు?" సుంకన్న జవాన్ల మీద కళ్లెర్రజేశాడు. "నాదే. పొద్దున శెనక్కాయలు తింటి. మీకెప్పుడూ రాదా? నడవండి."

జవాన్లు నవ్వాపుకుంటూ వీధిలోకి నడిచారు. సుంకన్న లేచి, నలిగిన చాప సర్ది, గడప దాకా పోయి ఆగాడు. వెనక్కి తిరగకుండానే గొంతు తగ్గించి అన్నాడు:

"చిన్నప్పట్నుంచీ తమ్మునికి అలసందలు పడవని తెలిసీ ఎందుకు పెట్టినావమ్మా?"