ప్రభాకరరావుగారి దగ్గు

"ఖ్ఖ్ఖహ్... హా!"

వీధి అరుగు మీద ఆ చప్పుడు వినగానే వంటింట్లో ముగ్గురూ కదిలారు. జ్ఞానమ్మ నోట్లోని చుట్ట తీసి పొయ్యి బూడిదలో గుచ్చింది. కోడలు సరోజిని చదువుతున్న నవలని బియ్యం డబ్బాలోకి తోసింది. కొడుకు సాలమోను పేకముక్కల్ని పీట కింద పెట్టి, ఆ పీట మీదే కూర్చుని బెండకాయలు తరగడం మొదలెట్టాడు.

ప్రభాకరరావుగారు గుమ్మంలోకి వచ్చేసరికి అక్కడ పటం కట్టించి గోడకి తగిలించదగ్గ కుటుంబం ఉంది.

"ఏం చేస్తున్నారు?"

"మీకు కషాయం కాస్తున్నామండి," అంది జ్ఞానమ్మ.

ఆయన తల పంకించి వెళ్ళిపోయారు.

ప్రభాకరరావుగారు ఇరవయ్యేళ్ళు హెడ్మాస్టరుగా పనిచేసి, రిటైరై, కొత్తపేటలో స్థిరపడ్డారు. స్కూల్లో రబ్బరు అడుగు బూట్లు వేసుకుని, పిల్లల వెనక చప్పుడు లేకుండా వచ్చి నిలబడేవారు. రిటైరయ్యాక ఆ విద్య చూపించుకోడానికి ఇల్లొక్కటే మిగిలింది. ఒకరోజు నవల్లో కథానాయిక నూతిలో దూకబోతుండగా, సరోజినికి వెనక నుంచి "ఎన్నో పేజీ?" అని వినిపించింది. ఆ పిల్ల రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఇంకోరోజు సాలమోను పేకముక్కలతో దొరికాడు. గోడవైపు తిరిగి నిలబడమన్నారు. సాలమోనుకి ముప్ఫయ్యేళ్ళు, తాలూకాఫీసులో గుమాస్తా. అయినా నిలబడ్డాడు.

జ్ఞానమ్మ మాత్రం దొరకలేదు. దొరక్కుండా ఉండడానికి పదేళ్ళుగా పశువుల పాక వెనక దోమల్లో నిలబడి చుట్ట కాల్చుకునేది.

ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. నవ్వు సంగతి సరేసరి. సాలమోను రాజోలుకి బదిలీ కోసం అర్జీ రాసి, ఎలా చెప్పాలో తెలియక జేబులోనే పెట్టుకు తిరుగుతున్నాడు.

అంతలో యాభైయేడులో ఊరూరా ఫ్లూ జ్వరం వచ్చింది. ప్రభాకరరావుగారిని వారం రోజులు మంచాన పడేసింది. జ్వరమైతే పోయింది గానీ కఫం గొంతులో కాపురం పెట్టింది. పదడుగులు వేస్తే ఒకసారి గొంతు సవరించుకోవాల్సిందే. వీధి మొగలో ఉండగానే ఆయన వస్తున్నట్టు ఇంట్లో తెలిసిపోయేది.

సాలమోను అర్జీ చింపేశాడు.

మిరియాల కషాయం తాగమని, ఉప్పునీళ్ళు పుక్కిలించమని, ఆవిరి పట్టమని ఊళ్ళో డాక్టరు చెప్పాడు. పెరుగు, అరటిపండు ముట్టుకోవద్దన్నాడు. చెప్పినట్టే చేశారు. నెల తిరిగేసరికి దగ్గు ఆగింది. ఆ వెంటనే ఇంట్లో మాటలూ ఆగాయి.

రెండు రోజులు ఓర్చుకుంది సరోజిని. మూడోరోజు మామగారికి చారన్నం కలుపుతూ అందులో పెరుగు వేసింది. తలెత్తి చూస్తే ఎదురుగా అత్తగారు.

"ఏంటే అమ్మాయ్ అది?"

"పెరుగండి అత్తయ్యగారూ..." సరోజిని గరిటె వెనక్కి దాచుకుంది.

జ్ఞానమ్మ గిన్నెలోకి చూసింది. గుమ్మం వైపు చూసింది.

"ఇంకో గరిటె వెయ్యి," అంది.

ప్రభాకరరావుగారు ఒక ముద్ద తిని ఆగారు.

"చారు తెల్లగా ఉందేం అమ్మాయ్?"

"మిరియాలు కొత్తవండి మావయ్యగారూ."

"ఆహా." కంచం ఖాళీ చేసి లేచారు.

మర్నాడు దగ్గు మళ్ళీ అందుకుంది. మునుపటి కన్నా నిండుగా.

ఆ తరవాత మూడు నెలలు ఆ ఇంట్లో రోజూ పండగే. కషాయంలో మిరియాలు మానేసి బెల్లం వేశారు. రెండు పూటలా పెరుగు. పైన కర్పూర అరటిపండు. జ్ఞానమ్మ వంటింట్లోనే కాళ్ళు చాపుకుని చుట్ట కాల్చుకునేది. అత్తాకోడళ్ళు కలిసి సాలమోనుని పేకలో ఓడించేవారు. వాళ్ళ నవ్వులు రోడ్డు మీదికి వినిపించేవి. వీధిలో దగ్గు, లోపల సర్దుడు, కాసేపు బుద్ధిమంతుల సభ. ఆయన అటు వెళ్ళగానే మళ్ళీ ఆట.

ఓ ఆదివారం ప్రార్థనయ్యాక చర్చి గుడి దగ్గర చిన్నమ్మలు అనే ఆవిడ జ్ఞానమ్మ చెయ్యి పట్టుకుంది.

"మేష్టారికి ఇంకా తగ్గలేదాండి? నాలుగు నెలలంటే కఫం కాదండి, క్షయండి. మా ఆడపడుచు అలాగే పోయింది."

జ్ఞానమ్మ ఇంటికొచ్చి కూలబడింది.

"చుట్ట కోసం మొగుణ్ణి చంపుకుంటున్నానే!"

సరోజిని ఏడుస్తూ పెరుగుకుండ తీసుకెళ్ళి అరటిబోదె మొదట్లో పారబోసింది. ముగ్గురూ మోకాళ్ళ మీద పడ్డారు. ఆయనకి నయమైతే చుట్ట ముట్టనని జ్ఞానమ్మ, నవల తెరవనని సరోజిని మొక్కుకున్నారు. సాలమోను పేక సంగతి కూడా చెప్పాడు గానీ, దేవుడికి వినిపించేంత గట్టిగా చెప్పలేదు.

వారం రోజులు కటిక పథ్యం పెట్టారు. మిరియాలు రెట్టింపు చేశారు. ఘాటుకి ఆయన కళ్ళు నీళ్ళు కారాయి. దగ్గు మాత్రం వెంట్రుకవాసి తగ్గలేదు. పాపం పండిందనుకున్నారు.

చివరికి సాలమోను తండ్రిని బస్సెక్కించి అమలాపురం పెద్దడాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. దారి పొడుగునా ఆయన చెయ్యి వదల్లేదు. డాక్టరుగారి ముందు బావురుమన్నాడు.

"మా నాన్నగారు దక్కుతారాండీ? పెరుగు మేమే పెట్టేవండి! తెలిసే పెట్టేవండి!"

"ముందు చూడనివ్వండి. మీరు కాస్సేపు బయట కూర్చోండి," అన్నారు డాక్టరుగారు.

సాలమోను కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళాడు. డాక్టరుగారు ఒక చేత్తో చెంచా, ఇంకో చేత్తో టార్చిలైటు తీసుకుని నోరు తెరవమన్నారు.

ప్రభాకరరావుగారు తెరవలేదు. తలుపు సరిగ్గా పడిందో లేదో చూసుకుని, కుర్చీ ముందుకి జరుపుకుని, గొంతు బాగా తగ్గించి అన్నారు:

"టార్చి ఎందుకులెండి డాక్టరుగారూ, కఫం పోయి మూడు నెలలు దాటింది, దగ్గకుండా లోపలికెళితే పాపం మావాళ్ళకి సర్దుకోడానికి టైము చాలడం లేదండి."