నూటపన్నెండు గూళ్ళు

చింతచెట్టు కింద ఎవరో కొంగపిల్ల రెక్క విప్పి సూదితో గుచ్చుతున్నాడు.

చూసిందే తడవుగా సత్తెమ్మ చీపురుకట్ట పట్టుకుని తోటలోకి పరిగెత్తింది.

"రాలిపడిన పిల్లేనండి. ఒక్క చుక్క తీసుకుంటున్నానంతే," అన్నాడతను తల ఎత్తకుండానే. ఆ నెత్తురుచుక్కని చిన్న గాజు పలక మీద పామి, నంబరు వేసి, పిల్లని నిచ్చెనెక్కి గూట్లో పెట్టి దిగాడు.

పేరు ఏసుదాసట. కాలేజీలో పాఠాలు చెబుతాడట. పిట్టల జబ్బుల మీద పరిశోధనట.

"మొత్తం గూళ్ళెన్నండి?"

"నూటపన్నెండు," అంది సత్తెమ్మ ఠక్కున. ఆ ముక్క ఆవిణ్ణి అడిగిన పాపాన పోయినవాడు అంతవరకూ లేడు. అతను లెక్క పుస్తకంలో రాసుకుని, పక్కన ఆవిడ పేరు కూడా రాశాడు.

చీపురు కిందికి దిగింది.

తొంభైయారు తుఫానుకి మలికిపురం చుట్టుపక్కల పెద్ద చెట్లన్నీ కూలి, సత్తెమ్మ తోటలోని రెండు చింతలే మిగిలాయి. నత్తగుల్ల కొంగలన్నీ వాటి మీదికే చేరాయి. పిల్లలు ఎగిరేదాకా నాలుగు నెలలు ఆ తోటలో కొబ్బరి దింపు తీయకూడదన్నది మామగారి నాటి కట్టుబాటు. భర్త పోయాక సత్తెమ్మకి ఆ కొంగల గోలే తోడు.

ఏసుదాసుకి పాకలో చోటిచ్చింది. రెండు పూటలా అన్నం పెట్టింది. ఒకనాడు అతను మైక్రోస్కోపులోంచి ఆవిడకీ చూపించాడు. రక్తకణాల్లో ఊదారంగు చుక్కలు. ఇది పిట్టల మలేరియా అండీ, దోమల వల్లే వస్తుందీ అన్నాడు.

ఆ ఏడు ఊళ్ళో ఇంటికొకరు చలిజ్వరంతో మూలుగుతున్నారు.

మూడు వారాలకి మరిది భీమరాజు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. తోట ఇద్దరికీ ఉమ్మడి.

"వదినా, మీరు అన్నం పెడుతున్నది ఎవరికో తెలుసా అండి? పిట్టల నెత్తుట్లో మలేరియా ఉందని రాస్తున్నాడు. ఆ కాగితం పంచాయతీ ఆఫీసుకి చేరితే చింతచెట్లు కొట్టించేస్తారు."

తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడినా ఇన్నాళ్ళూ నెత్తిన పెట్టుకుంది!

సత్తెమ్మ తిన్నగా పాకలోకి వెళ్ళింది. "పిట్టల్లో మలేరియా ఉందని రాసేరా?"

"రాసేనండి. ఉన్నది రాయాలి కదండి. అయితే..."

ఆ 'అయితే' తరవాత మాట వినే ఓపిక ఆవిడకి లేకపోయింది. పలకల పెట్టె ఎత్తుకెళ్ళి నూతి గట్టు మీద బోర్లించింది. మూడు వారాల పనీ ముక్కలైంది.

అతను గాజుముక్కలు ఎవరి కాలికీ గుచ్చుకోకుండా ఏరి, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మంచిపని చేశారన్నాడు భీమరాజు.

పదిహేను రోజులకి రంపాలతో మనుషులు దిగారు. గూళ్ళలో పిల్లలకి ఇంకా ఎగరడం రాలేదు.

"ఆ ఏసుదాసు రాసిందేనా ఇదంతా?" అని నిలదీసింది సత్తెమ్మ.

కూడా వచ్చిన పంచాయతీ గుమస్తా తెల్లబోయాడు. కొంగల వల్లే జ్వరాలొస్తున్నాయని అర్జీ ఆషాఢంలోనే వచ్చిందనీ, దాని మీద మొదటి సంతకం భీమరాజుగారిదేననీ చెప్పాడు.

సత్తెమ్మ మరిది వంక చూసింది. అతను అప్పటికే దింపు మనిషికి కొబ్బరిచెట్లు చూపిస్తున్నాడు. నాలుగు నెలల దింపు కోసం సొంత మరిది తన చేతే తన గొంతు కోయించాడు! వాసాలు లెక్కపెట్టింది ఇంట్లోవాడే.

"మరి ఆయనెందుకొచ్చేరండి?" అంది పీలగా.

"పిట్టల మలేరియా వేరండి, మనిషికి అంటదు. అది రుజువు చెయ్యడానికొచ్చేరు. ఎవరూ పంపలేదండి, అర్జీ సంగతి విని తనంతటే వచ్చేరు. మీ ఇంట్లో తగువు పెట్టడం ఇష్టంలేక మీతో చెప్పనన్నారు. ఆ పలకలు చూపించుంటే చెట్లు ఆగేవండి."

పైన పిల్లలు మేత కోసం అరుస్తున్నాయి.

గుమస్తా ఫైల్లోంచి ఏసుదాసు ఆఖరి ఉత్తరం తీసి చదివాడు.

"గాజు పలకలు నా చెయ్యి జారి పగిలిపోయాయి, తప్పు నాదే, సత్తెమ్మగారి నూటపన్నెండు గూళ్ళకి మాత్రం పిల్లలు ఎగిరేదాకా గడువు ఇప్పించండి."