ఒకటే పడక, ఇద్దరు తోడల్లుళ్ళు

చిన్నల్లుడు మళ్ళీ పడక మీంచి దొర్లి కిందపడ్డాడు. ఈసారి ముక్కు ముందు దిగింది, మిగతా మనిషి తర్వాత దిగాడు.

నిన్నటినుంచీ ఇదే వరస. మామగారి తెరచాప పడవని అవతలి రేవుకి చేర్చే పని అల్లుళ్ళిద్దరి నెత్తినా పడింది. ఒకరు చుక్కాని పడితే ఒకరు కింద గదిలో పడుకోవాలి. ఉన్నది ఒకటే పడక. పెద్దల్లుడు నడుపుతుంటే పడవ సముద్రంలోని ప్రతి అలనీ పేరుపేరునా పలకరించి మరీ వెళ్తోంది. గిన్నెలు ఎగురుతున్నాయి. గోడగడియారానికి కూడా కడుపులో తిప్పుతున్నట్టుంది.

చిన్నల్లుడు ముక్కు పట్టుకుని మెట్లెక్కాడు.

"అన్నయ్యగారూ, కింద నేను పడుకున్నానని మీకు గుర్తుందా?"

"గుర్తుండబట్టేగా ఇంత జాగ్రత్తగా నడుపుతున్నా."

"ఇది జాగ్రత్తా? చేటలో వేసి చెరుగుతున్నారు నన్ను."

"నువ్వు నడిపినప్పుడు నేను పైకప్పుకి తగిలి వచ్చాను. ఒక్క మాటన్నానా?"

అన్నాడు. చేపలు తలలు పైకెత్తి వినేలా అన్నాడు. చిన్నల్లుడు పళ్ళు కొరుక్కుంటూ మళ్ళీ దిగబోయాడు. అప్పుడు కనబడింది, పడక పక్కన అడ్డంగా కట్టాల్సిన గుడ్డ. మనిషి దొర్లిపోకుండా ఆపేది అదొక్కటే. దాన్ని పెద్దల్లుడు ఎండకి నెత్తిమీద పందిరిలా కట్టుకుని దర్జాగా కూర్చున్నాడు.

చిన్నల్లుడికి అరికాలి మంట నెత్తికెక్కింది. గుడ్డ పట్టి పీకాడు. పెద్దల్లుడు రెండో కొస వదల్లేదు. వయసులో పెద్దవాణ్ణని ఒకరు, ముక్కు పగిలినవాణ్ణని ఒకరు, చెరోవైపు లాగారు. ఒకరి వంశాన్ని ఒకరు ఉతికి ఆరేశారు. ఎదుటివాడికి పిల్లనిచ్చి మామగారు ఘోరమైన తప్పు చేశారన్న విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట.

చివరికి చిన్నల్లుడు లాగడం ఆపి అన్నాడు.

"నిన్నటినుంచీ ఇద్దరికీ కంటిమీద కునుకు లేదు. ముందున్నవన్నీ రాళ్ళు. నిద్రలేనివాడు చుక్కాని పడితే అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకేరోజు ఏడవాలి. నన్ను కాసేపు పడుకోనివ్వండి, తర్వాత మీరు పడుకుందురుగాని. మళ్ళీ కిందపడ్డానా, ఈ జన్మలో మీ మొహం చూడను."

పెద్దల్లుడు ఎర్రటి కళ్ళు నులుముకుని గుడ్డ వదిలేశాడు.

"పో, పడుకో. నీ వంతు రాగానే పిలుస్తా."

చిన్నల్లుడు తిట్టుకుంటూనే దిగాడు. పడవ వాలిన వైపుకి పరుపు జరిపి, గుడ్డ బిగించి కట్టి, తిట్టు ఇంకా సగంలో ఉండగానే నిద్రపోయాడు.

ఏం నిద్ర అది. పడవ ఊయల్లా ఊగింది తప్ప ఒక్క కుదుపు లేదు. గిన్నెకి గిన్నె తగల్లేదు. లేచేసరికి చెంపమీద దిండు కుట్టు అచ్చుపడింది, ఎండ ఈ కిటికీ వదిలి ఆ కిటికీలోకి వెళ్ళింది. తిట్టినవన్నీ గుర్తొచ్చి తనమీద తనకే ఒళ్ళు మండింది. పాపం పెద్దాయన, ఒళ్ళు హూనం చేసుకుని నడిపాడు, వంతు దాటిపోయినా లేపలేదు. కాళ్ళమీద పడాల్సిందే అనుకుని, టీ కాచి గ్లాసు పట్టుకుని మెట్లెక్కాడు.

ఎండకి కళ్ళు చికిలిస్తూ, క్షమించమనడానికి నోరు తెరవబోయాడు. ఈలోపే తెరచాప నీడలోంచి, ఆవలింతతో కలిపి పెద్దల్లుడి గొంతు వినబడింది.

"రక్షించావు తమ్ముడూ. ఇందాక నువ్వొచ్చి చుక్కాని అందుకున్నావో లేదో, పెళ్ళయ్యాక ఎన్నడూ ఎరగని నిద్ర పట్టేసింది నాకు."