జపాన్ ఇంజన్ కాపలా

షెడ్డులో ఇంజన్ మీది పరదా లేపి చూసిన సువర్ణ అట్లాగే నిలబడిపోయింది.

అమెరికా ఇంజన్లో సగం సామాను లేదు.

"వదినా, ఇది ఇంటిదొంగ పనే," అన్నాడు మరిది భాస్కర్.

టేకులపల్లి అడవి అంచున ఉన్న ఆ తండాలో ఇండ్లకు కరెంటు ఉంది గానీ, వాగు దాకా లైను రాలేదు. నడుమ అడవి. చెట్లు కొట్టడానికి అనుమతి లేదు. అందుకే మహిళా సంఘం పదేళ్ల కింద వేలంలో రెండు పాత డీజిల్ ఇంజన్లు కొన్నది. డీజిల్ ఎక్కువ తాగుతోందని అమెరికాదాన్ని కొన్నాళ్లకే మూలన పెట్టి పరదా కప్పారు. జపాన్‌ది మాత్రం ముప్పై కుటుంబాల మిరప తోటలకు ఇప్పటికీ నీళ్లు తోడుతోంది.

తండాలో నలుగురు మగవాళ్లు కూర్చుంటే ఇదే పంచాయితీ.

"అమెరికోడు బలం జూస్తడు. డీజిల్ మస్తు తాగుతది," అనేవాడు లాలు. "జపానోడు మన్నిక జూస్తడు. ఒక్కపారి బిగిస్తే మల్ల ముట్టే పని లేదు."

లాలు ఖమ్మం దాటి ఎరగడు. అయినా జపాన్ సంగతి ఆయన చెబితే ఎదురు లేదు.

ఆ మాటలు వింటూ షెడ్డు ముందు కూర్చునేవాడు ముసలి సీతయ్య. ఆరేళ్ల కింద పినపాక వైపు నుంచి వచ్చి, పండుకోవడానికి ఇంత జాగా అడిగాడు. ఇంజన్‌కు కాపలా ఉండమన్నారు. వంతులేసుకొని బువ్వ పెట్టారు. అంతకుముందు ఏం పని చేసేవాడివని ఎవరూ అడగలేదు. ఎప్పుడూ నల్లగా ఉండే ఆయన చేతులు చూసి పిల్లలు నవ్వేవారు.

ఇప్పుడు అమెరికా ఇంజన్ ఇచ్చేసి కొత్తది తెద్దామని, కొత్తగూడెంలో ఉద్యోగం చేసే భాస్కర్ బేరం కుదిర్చాడు. ట్రాక్టర్ వచ్చింది. ఎత్తబోతే ఇదీ సంగతి.

"తాతా, సామాను ఏమైంది?" అంది సువర్ణ. సంఘానికి ఆమే పెద్ద. అందరికీ జవాబు చెప్పుకోవలసింది ఆమే.

"అమ్మలేదు బిడ్డా."

"మరి ఏడికి పోయింది?"

సీతయ్య తోటల వైపు చూశాడు. మిరప పూత మీద ఉంది.

"పది దినాలు ఆగుండ్రి. పూత నిలిచినంక నేనే చెప్త. ఇప్పుడు చెప్తే ఇంజన్ ఆపి మరీ చూస్తరు."

"పది దినాల్ల నువ్వు గోదారి దాటుతవ్," అన్నాడు భాస్కర్.

సువర్ణకు మనసొప్పలేదు. కానీ చుట్టూ తండా అంతా నిలబడి ఉంది.

"పో తాతా," అంది.

సీతయ్య మూట భుజాన వేసుకున్నాడు. నాలుగడుగులు వేసి ఆగాడు.

"పొద్దుగాల స్టార్ట్ జేసే ముందు, జర ఆ ఎడమ పక్క..."

"జపాన్ ఇంజన్‌కు నువ్వు నేర్పేదేంది? దాని పని దానికెర్క. నడువ్," అన్నాడు భాస్కర్.

ముసలాయన మూట సర్దుకొని అడవి బాట పట్టాడు.

నాలుగో నాడు ఇంజన్ ఆగిపోయింది.

లాలు హ్యాండిల్ పట్టుకొని ఎంత గుంజినా ఒక్క చుట్టూ తిరగలేదు. ఖమ్మంలో మెకానిక్ కోటేష్‌కు ఫోన్ చేస్తే, వారం దాకా తీరదన్నాడు.

రోజుకింత పూత రాలుతోంది. తన రెండెకరాల తోటలో నిలబడి సువర్ణ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. ఆ ఏటి బతుకంతా ఆ పూతలోనే ఉంది.

"సీతయ్య తాతను తోల్కరా," అంది మరిదితో. "దొంగ అయితే అయిండు. దాని సంగతి ఆయనకే ఎర్క."

భాస్కర్ బండి మీద పినపాక పోయి, పొద్దు గూకే వేళకు ఒక్కడే తిరిగి వచ్చాడు.

"ఆయన చెల్లె భీమక్క కలిసింది వదినా. జరంతోనే ఇల్లు చేరిండంట. మొన్న పానం పోయిందంట."



"నేనే పో అన్న," అంది సువర్ణ.

"మనం ఏం జేస్తం? సామాను పోయింది నిజమే గదా," అన్నాడు భాస్కర్. ఆ మాట అతనికే గట్టిగా రాలేదు.

వారానికి కోటేష్ వచ్చాడు. అప్పటికి సగం పూత నేల పాలైంది.

"జపాన్ మాల్ అన్నా. ఇన్నేండ్లల్ల ఒక్కనాడు సతాయించలే," అన్నాడు భాస్కర్.

కోటేష్ పానా అందుకున్నాడు. ఒక్కొక్కటే విప్పి గోనె మీద పెడుతున్నాడు. పెట్టినకొద్దీ అతని చేతులు నెమ్మదించాయి.

"ఈ డీజిల్ పంపు అమెరికాది. డీజిల్ చిమ్మే నాజిళ్లు గూడ. ఆయిల్ పంపు గూడ."

షెడ్డు దగ్గరి జనం ముందుకు జరిగారు.

"గివి దీనికి పట్టయి. కొలతలే వేరు," అన్నాడు కోటేష్. "ఆకురాయితోని రాకి రాకి పట్టిచ్చిండు. నడుమ సందుల్ల బిగిసేటట్టు ఇత్తడి బుష్‌లు సొంతంగ చేసి పెట్టిండు. ఈ ఎడమ పక్క దానికి దినాం చేత్తోని గ్రీజు పెట్టాలె. ఎవలు పెట్టలే, పట్టేసింది."

లాలు తల వంచుకున్నాడు.

"మల్ల నడుస్తదా అన్నా?" అంది సువర్ణ.

"నాతోని కాదక్కా. ఏది ఎట్ల కలిపిండో చేసినాయనకే ఎర్క. మీ మేస్త్రిని పిలువుండ్రి."

"మాకు మేస్త్రి ఎవ్వరు లేరు. కాపలాకు ఒక తాత ఉండె. సచ్చిపోయిండు."

కోటేష్ చేతిలోని బుష్‌ను గుడ్డతో తుడిచి, మెల్లగా సువర్ణ అరచేతిలో పెట్టాడు.

"అక్కా, మీ జపాన్ ఇంజన్ ఏండ్ల కిందనే సచ్చిపోయింది, ఇన్నొద్దులు మీ తోటలకు నీళ్లు తోడింది ఆ తాతనే."